రత్నమ్మక్క చేతితూకం

ఉబ్బి పగిలిన కెపాసిటర్ వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను, నిల్వ చేప వాసన. మొన్న బెంగళూరు పీణ్యలోని మా వర్క్‌షాపులో ఎవరో తెచ్చిన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ మూత తీశానో లేదో, ఆ వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుంటున్న మా మేనేజరు పరమ నిష్ఠాపరుడు. డబ్బా చప్పున మూసేసి బయటికి వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే నిలబడి ఇంకోసారి గట్టిగా పీల్చాను. చూసినవాళ్లు పిచ్చిదనుకుంటే అనుకోనీ. ఆ వాసన తగిలితే చాలు, కాటన్‌పేటలో ఒక ఇరుకు దుకాణం, అందులో ఎత్తు గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఒక భారీ మనిషి నా కళ్ల ముందుకు వస్తుంది. ఆమె రత్నమ్మక్క. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. పని నేర్పిన మనిషి అని కూడా అనవచ్చు గాని, ఆ మాటకు ఆమె ఒప్పుకునేది కాదు. "పని నువ్వు నేర్చుకొనే వచ్చినావు, నేను నేర్పింది వ్యాపారం" అనేది.

రత్నమ్మక్క వాళ్లది కాటన్‌పేటలో తరాలుగా పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఎప్పుడో కదిరి వైపు నుంచి వచ్చి గోనెసంచుల టోకు వ్యాపారం పెట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సరుకు తెప్పించేటప్పుడు హిందీ, హమాలీలతో తమిళం. ఏ భాషలో మొదలుపెట్టినా ఆమె తిట్టు తెలుగులోనే ముగిసేది. ప్లాస్టిక్ సంచులు వచ్చి గోనె వ్యాపారాన్ని మింగేస్తున్న రోజుల్లోనే ఆమె భర్త పోయాడు. దుకాణం అమ్ముకొని ఇంటిపట్టున ఉండమని చుట్టాలు సలహా ఇచ్చారు. ఆమె అమ్మలేదు సరికదా, కర్మలు ముగియగానే వచ్చి భర్త కూర్చునే గద్దె ఎక్కి కూర్చుంది. పొద్దున్నే ఆమె చేత్తో బోణీ చేయించుకోవడానికి వెనకాడిన వాళ్లు కొందరు ఉండేవారట. సరుకు బాగుండడంతో వాళ్లూ మెల్లగా దారికి వచ్చారు. తొంభైల చివర బెంగళూరులో సందుకొక కంప్యూటర్ సెంటర్ వెలుస్తుంటే, ఆమె సగం దుకాణంలో సంచులు తీయించేసి, అక్కడ కంప్యూటర్ భాగాలు తెప్పించి, బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఇదెలా తట్టిందక్కా అని అడిగితే, "ఏముంది, అదీ డబ్బు పెట్టి కొని డబ్బుకు అమ్మేదే, ఇదీ అంతే. సరుకు తెలిస్తే సాలు" అని కొట్టిపారేసింది.

నేను హిందూపురం నుంచి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని వచ్చిన కొత్త. పెద్దమ్మ వాళ్లింట్లో ఉంటూ పని వెతుక్కుంటున్నాను. కాటన్‌పేటలో మనవాళ్ల దుకాణం ఉందని ఎవరో చెబితే వెళ్లాను. నా సర్టిఫికెట్లు రత్నమ్మక్క ముట్టుకోలేదు. గద్దె కింది నుంచి రెండు ఇనుప డబ్బాలు తీసి, నా రెండు చేతుల్లో చెరొకటి పెట్టింది.

"ఇవేందో తెలుసునా?"

"ఎస్‌ఎంపీఎస్‌లండీ."

"రెండిట్లో ఏది మంచిది?"

తెలియనివాళ్ల కోసం చెబుతాను. డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనకవైపు, ఫ్యాన్ తిరుగుతూ కనిపించే ఇనుప డబ్బానే మన బజార్లలో ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడలోంచి వచ్చే కరెంటును తీసుకుని, లోపలి భాగాలు తట్టుకునేంత తక్కువ వోల్టేజీకి దించి, ఎవరి వాటా వాళ్లకు పంచిపెట్టేది అదే. అది తిన్నగా ఉంటే దాని పేరు ఎవరికీ గుర్తుండదు. అది పాడైతే మాత్రం ఒంటరిగా పోదు, చుట్టుపక్కల వాళ్లను కూడా తీసుకుపోతుంది. అయినా కంప్యూటర్ కొనేవాళ్లు ప్రాసెసర్ ఏమిటి, హార్డ్ డిస్క్ ఎంత అని ఆరా తీసేవారే గాని, దీని గురించి అడిగిన పాపాన పోయేవారు కాదు. కేబినెట్, అంటే బయటి పెట్టె, కొంటే అందులోనే బిగించి వచ్చేది కాబట్టి ఊరికే వచ్చినట్టు లెక్క.

నేను లేబుళ్లు చదివాను. రెండింటి మీదా వాట్లు ఒకటే. అదే మాట చెప్పాను.

"లేబులు నేను కూడా చదువుతా తల్లీ. దాని మీది వాట్లు పెళ్లిచూపుల్లో చెప్పే జీతం మాదిరి. కండ్లు మూసుకో. చెయ్యి ఏం చెప్తాండాది?"

కళ్లు మూసుకుంటే కుడిచేతిది బరువుగా తోచింది. చెప్పాను. ఆమె తల ఊపింది. కానీ నాకూ కొంచెం తిక్క ఉంది, అంతటితో ఊరుకోలేదు. బరువు ఎందుకుందో కూడా చెప్పాను. లోపల వేడిని లాగే అల్యూమినియం పలకలు మందంగా ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది, కాయిల్స్‌లో రాగి ఎక్కువ, పొదుపు చేసినవాడు ముందు కోత వేసేది వీటికేనని గబగబా అప్పజెప్పాను. రత్నమ్మక్క నోరు తెరుచుకుని విని, పెద్దగా నవ్వింది.

"అట్లనా! ఇన్ని దినాలూ చెయ్యికి తెలిసిందే గాని నాకు తెలీలేదు. రేపట్నుంచి రా."

కాటన్‌పేటలో ఆమె చేతితూకానికి పేరుండేది. గోనెసంచుల కట్ట ఎత్తి చూసి, తడి తగిలిన కట్ట ఏదో చెప్పేసేదట. ఆ చేత్తోనే ఎస్‌ఎంపీఎస్‌లు ఎంచేది. సరుకు దిగగానే ఒక్కొక్కటే ఎత్తి, కాస్త ఆడించి, ఇది ఇటు, అది అటు అని వేరు చేసేది. నేను చేరాక దానికి నా చదువు కూడా తోడు చేశాను. ఒక చెక్క పలక మీద కారు హెడ్‌లైట్ బల్బులు వరుసగా బిగించాను. ఎస్‌ఎంపీఎస్ పన్నెండు వోల్టుల తీగలకు వాటిని తగిలించి ఒక్కొక్కటే వెలిగిస్తూ పోతే, పని దొంగ ఎవరో వోల్టుమీటరు చెప్పేస్తుంది. మంచిది అన్ని బల్బులకూ పన్నెండు దగ్గరే నిలబడుతుంది, నాసిది రెండో బల్బుకే చతికిలపడుతుంది. రత్నమ్మక్కకు ఆ పలక మహా ఇష్టం. పక్క దుకాణాల వాళ్లను పిలిచి మరీ చూపించేది.

ఇంకొకటి కూడా ఉంది. గాలి కోసం పెట్టిన సందుల్లోంచి టార్చిలైటు వేసి చూస్తే లోపలి బోర్డు కనబడుతుంది. నాసిరకం వాటిలో బోర్డు మీద ఇక్కడ ఫలానా కాయిల్, ఇక్కడ ఫలానా కెపాసిటర్ అని గుర్తులు అచ్చువేసి ఉంటాయి గాని, ఆ జాగాలో ఆ భాగం ఉండదు. ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక తీగముక్క అతికించి సరిపెడతారు. మొదటిసారి నేను అది చూపించినప్పుడు రత్నమ్మక్క చాలాసేపు ఒంటి కన్నుతో చూసింది.

"ఓ, ఇదా సంగతి. లేఔట్ వేసినారు, నెంబర్లు వేసినారు, సైట్లన్నీ ఖాళీ! ఇల్లు కట్టినోడు ఒక్కడూ లేడు."

బెంగళూరులో ఆ మాట అర్థం కాని మనిషి ఉండడు. ఊరి చుట్టూ పొలాల్లో రాళ్లు పాతి, ఇళ్ల స్థలాలను సైట్ల పేరుతో అమ్ముతున్న కాలం అది. అప్పటినుంచి మా దుకాణంలో నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పేరు 'ఖాళీ సైటు' అయిపోయింది. ఈ రోజుకూ మా వర్క్‌షాపులో అదే మాట వాడతాం, ఎక్కడిదో తెలియకుండా కొత్తవాళ్లు కూడా వాడేస్తున్నారు.

ఒకరోజు బెంగళూరు దగ్గరి ఆనేకల్ నుంచి రామాంజి అనే నేతగాడు వచ్చాడు, వెంట తల్లి చౌడమ్మ. వాళ్లది తెలుగు మాట్లాడే నేత కుటుంబం. పట్టు చీరల అంచుల్లో నెమళ్లూ హంసలూ రావాలంటే మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టలు వేలాడదీయాలి. ఆ చిల్లులు ఎక్కడ పడాలో ఇదివరకు గళ్ల కాగితం మీద చుక్కచుక్కగా గీసేవారు. ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తే పని సులువవుతుందని రామాంజి సాయంత్రాలు వెళ్లి ఆ విద్య నేర్చుకున్నాడు. మగ్గం తమ్ముడికి అప్పగించి, ఇక డిజైన్ల మీదే బతుకుదామని వచ్చాడు. వాళ్ల వీధిలో మగ్గాలన్నీ అతని అట్టల కోసం చూస్తున్నాయట. అతని మనసు మాత్రం మూలనున్న నీలం లైట్ల కేబినెట్ మీద పడింది.

"అదే ఇయ్యండక్కా. అందులోనే ఎస్‌ఎంపీఎస్ ఫ్రీగా వస్తాది కదా."

"ఫ్రీగా వచ్చేదాన్ని నమ్మి నీ డిజైన్లన్నీ దాని చేతికి ఇస్తావాప్పా? మీ ఆనేకల్లో కరెంటు ఎట్ల ఉండాది?"

"పోతా ఉంటాది, వస్తా ఉంటాది. ఒకోసారి బల్బు గుడ్డి దీపం మాదిరి ఉంటాది, ఒకోసారి భగ్గుమంటాది."

"అదే మరి. ఆ లైట్లు వదులు. మానిటర్ ఒక సైజు చిన్నది తీసుకో. ఎస్‌ఎంపీఎస్ మాత్రం విడిగా నేనిచ్చేది తీసుకో."

"స్వల్ప అడ్జస్ట్ చేసుకుంటే సరిపోదా అక్కా?" అని నసిగాడు రామాంజి.

"బస్సులో సీటు దగ్గర చేసుకో అడ్జస్టు. కరెంటు దగ్గర కాదు."

అంతవరకూ గడప దగ్గర కూర్చున్న చౌడమ్మ లేచి వచ్చి, ఆ ఇనుప డబ్బాను వేలితో తట్టి, దీనివల్ల ఏమి ప్రయోజనమని అడిగింది. రత్నమ్మక్క ఏ మాత్రం విసుక్కోలేదు. "మీ మగ్గానికి కింద గుంత ఉంటాది కదమ్మా, కాళ్లు పెట్టుకునేది. చీర చూసినోళ్లు గుంతను చూస్తారా? గుంత సరిగ్గా లేకుంటే అంచు సరిగ్గా వస్తాదా? దీనికి ఇది గుంత" అంది. ముసలమ్మ ముఖం వికసించింది. "గుంత బాగుండల్లరా రామాంజీ. ఆ లైట్లు ఏంటికి మనకు" అని తీర్పు చెప్పేసింది.

ఆ వారం ఎస్‌ఎంపీఎస్‌లు కొత్త టోకు వ్యాపారి దగ్గర్నుంచి వచ్చాయి. ఎప్పుడూ తెచ్చే రకం దొరకలేదు. వీటికి గాలి సందులు మరీ సన్నం, టార్చి వేసినా లోపల ఏమీ కనిపించలేదు. బల్బుల పలక మీద ఆ కాసేపూ బాగానే నిలబడ్డాయి. మూతకు ఒక స్టిక్కరు అంటించి ఉంది, అది చిరిగితే వాపసు తీసుకోరు. ఒకటి తెరిచి చూద్దామా అక్కా అని అడిగాను. రత్నమ్మక్క ఒకటి చేతిలోకి ఎత్తి, కళ్లు మూసుకుని, తృప్తిగా నవ్వింది. "ఏంటికి తెరిచేది? ఇంత బరువు మన దుకాణంలోకి ఎప్పుడూ రాలేదు. నా చెయ్యి చెప్తాండాది కదా." రామాంజి కంప్యూటర్‌కు అందులో ఒకటి బిగించి పంపాం.

దసరా వచ్చింది. బెంగళూరు వైపు ఆయుధపూజ అంటే ఊరిలో ఒక్క యంత్రం కూడా బొట్టు లేకుండా ఉండదు. బస్సులకు అరటి పిలకలు, లేత్ మిషన్లకు పూలదండలు, తూకం రాళ్లకు కూడా విభూతి పట్టెలు. రత్నమ్మక్క మా బల్బుల పలకకు బంతిపూల దండ వేసి, బూడిద గుమ్మడికాయ కొట్టించి, వీధి వీధంతా బొరుగులు పంచింది. విజయదశమి మర్నాడు దుకాణం తెరిచేసరికి రామాంజి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్‌ను పంచెలో మూటగట్టుకుని తెచ్చాడు. ఆ మూటలోంచి చేప వాసన వస్తోంది.

జరిగింది ఇది. ఆయుధపూజ నాడు మగ్గాలతో పాటు కంప్యూటర్‌ను కూడా కడిగినంత పని చేసి తుడిచింది చౌడమ్మ. ముందు, పక్కలు, వెనక, ఒక్క మూల వదల్లేదు. పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది, పూజ కోడలు చేయాలని చుట్టాలు అన్నారట. నా కొడుకు మిషను నేనే చేస్తానని ఆమె పట్టుబట్టింది. మర్నాడు విజయదశమి ముహూర్తానికి, చుట్టాలందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా రామాంజి స్విచ్చి వేశాడు. ఢామ్మని పేలి, పొగ లేచింది.

"ఆమె చెయ్యి పడింది కాబట్టే ఇట్లయిందని మా పెదనాన్న కొడుకులు అన్నారక్కా," అన్నాడు రామాంజి తల ఎత్తకుండా. "మా అమ్మ నిన్నటి నుంచి ఇంట్లోంచి బయటికి రాలేదు. అన్నం కూడా మూల కూర్చోనే తింటాండాది. కోడలు దీపం పెట్టమంటే, నా చెయ్యి వద్దులే తల్లీ అంటాండాది. డిజైన్లన్నీ దీంట్లోనే ఉండాయి. పెళ్లిళ్ల సీజన్ది మొత్తం."

నేను వెనక్కి తిప్పి చూడగానే తెలిసిపోయింది. ఆ రోజుల్లో ఎస్‌ఎంపీఎస్ వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్చి ఉండేది. మన దేశంలో అది 230 మీద ఉండాలి, 115 మీదికి జరిపితే లోపల వోల్టేజీ రెట్టింపవుతుంది. చౌడమ్మ గుడ్డ పెట్టి గట్టిగా రుద్దేసరికి అది 115 మీదికి జారింది. పూజ కోసం ఎర్రగా కనిపించిన ప్రతిదాన్నీ మెరిపించే మనుషులు మావాళ్లు, ఆ స్విచ్చి దుమ్ముతో ఉంటే చౌడమ్మ ఎలా ఊరుకుంటుంది? సరిగ్గా అప్పుడే వసూలు కోసం వచ్చిన ఆ టోకు వ్యాపారి మనిషి నా భుజం మీంచి తొంగిచూశాడు. చూసీ చూడగానే, "ఇది కస్టమర్ మిస్టేక్ మేడమ్. 115 మీద ఉంది, క్లియర్‌గా కనిపిస్తోంది. మాకు సంబంధం లేదు" అని తేల్చేశాడు. నిజం చెప్పాలంటే అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. రామాంజి కంప్యూటర్‌ను మళ్లీ పంచెలో మూటగట్టబోయాడు. తప్పు ఎవరిదో ఊరి చుట్టాలు ముందే తేల్చేశారు కదా, ఇప్పుడు దానికి చదువుకున్న వాళ్ల ముద్ర కూడా పడింది. అక్కడితో ఆ విషయం ముగిసిపోవచ్చు.

రత్నమ్మక్క గద్దె దిగి వచ్చింది. నా ముందుకు చెయ్యి చాచింది.

"స్క్రూడ్రైవర్ ఇయ్యి."

"మేడమ్, స్టిక్కర్ చిరిగితే..." అన్నాడు వ్యాపారి మనిషి.

"చిరగనీప్పా."

ఆమే స్క్రూలు విప్పింది, ఆమే మూత లేపింది. లోపల ఖాళీ సైట్లే ఖాళీ సైట్లు. వోల్టేజీ పెరిగితే తాను చచ్చి మిగతావాటిని కాపాడే భాగం ఉండాల్సిన జాగా బోడిగా ఉంది. ఫ్యూజు జాగాలో ఒట్టి తీగముక్క. ట్రాన్స్‌ఫార్మర్ నా బొటనవేలంత ఉంది. మరి ఆ బరువంతా ఎక్కడిది? మూత లోపలి వైపు, జిగురు పెట్టి అతికించిన ఇనుప దిమ్మె ఒకటి. దానికి తీగలు లేవు, పని లేదు. ఎత్తి చూసేవాళ్ల చేతిని మోసం చేయడం తప్ప దానికి వేరే ఉద్యోగమే లేదు. రత్నమ్మక్క దాన్ని పెరికి అరచేతిలో పెట్టుకుని తూచి చూసింది. ఆమె ముఖం అలా వాడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"మా మామ ఉండె కదా, త్రాసు తట్ట కింద చింతపండు అంటించేవాళ్లను ఈ వీధిలోంచి తరిమి కొట్టినాడు," అంది. "నేను చూస్తే నా చెయ్యికే అంటించుకొని కూర్చున్నా."

తర్వాత నావైపు తిరిగి, లోపల సరైన సామాను ఉండి ఉంటే ఏమయ్యేదని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. స్విచ్చి 115 మీద ఉన్నా, మంచిదైతే ఫ్యూజు పోయి అక్కడితో ఆగేది. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మార్చుకుంటే సరిపోయేది, బోర్డుకూ డిస్క్‌కూ ఏమీ అయ్యేది కాదు. "విన్నావా రామాంజీ. మీ అమ్మ తుడిచింది, అంతే. కాల్చింది ఇది. తెచ్చింది నేను" అంది. వ్యాపారి మనిషికి ఆ వారం సరుకంతా వెనక్కి మోయించి, స్టిక్కరు చిరిగినదాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అతను గొణుగుతుంటే, "దీన్ని వాపసు ఇచ్చేదానికి తెరవలేదులేప్పా" అని సాగనంపింది.

అసలు పని అప్పుడు మొదలైంది. మదర్‌బోర్డు పోయింది, దాన్ని మార్చవచ్చు. కానీ హార్డ్ డిస్క్ తిరగడం లేదు. దాని కింద ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు మీద ఒక చిప్ మాడి పగిలింది. అచ్చంగా అదే మోడల్ డిస్క్ ఇంకొకటి దొరికితే, దాని బోర్డు విప్పి దీనికి బిగించి చూడవచ్చు. ఆ కాలపు డిస్కుల్లో ఆ చిట్కా చాలాసార్లు పనిచేసేది. బజారంతా వెతికించాం, ఆ మోడల్ రావడం ఆగిపోయింది. మిగిలింది ఒక్కటే, అది మా దుకాణం బిల్లులు వేసే కంప్యూటర్‌లో ఉంది. నేను ఆ మాట చెప్పడానికే వెనకాడాను. రామాంజి డిస్క్ లోపల ఇంకా ఏదైనా కాలి ఉంటే, మంచి బోర్డు కూడా మాడిపోతుంది. అప్పుడు రెండు డిస్కులూ పోయినట్టే.

"మన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయక్కా."

"మన లెక్కలు నాకు నోటికి వస్తాయి. ఆయప్ప నెమళ్లు ఆయప్పకు నోటికి రావు. విప్పు."

విప్పాను. బోర్డు మార్చి, మా దగ్గరున్నవాటిలో అన్నింటికన్నా నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్ తగిలించాను. ఈసారి రత్నమ్మక్క దాన్ని ఎత్తి చూడలేదు, మూత తీయించి కళ్లారా చూసింది. స్విచ్చి వేశాక ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత డిస్క్ సన్నగా కూతపెట్టి తిరగడం మొదలైంది. కాసేపటికి తెరమీద గళ్లు, గళ్లలో చుక్కలు, చుక్కలు కలిసి ముక్కున గొలుసు పట్టుకున్న నెమలి. రామాంజి రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ముందు ఆ డిజైన్లన్నీ ఇంకో డిస్క్‌లోకి ఎత్తాను, ఆ తర్వాతే నా కన్నీళ్లు తుడుచుకున్నాను.

కంప్యూటర్ సిద్ధమైంది, రామాంజి తీసుకుపోతే అయిపోయేది. రత్నమ్మక్క దుకాణానికి తాళం వేయించి, నన్ను కూడా వెంటబెట్టుకుని ఆనేకల్ బస్సెక్కింది. మిట్టమధ్యాహ్నం వాళ్ల వీధిలో దిగేసరికి మగ్గాల చప్పుడు ఆగిపోయి, ఎవరొచ్చారా అని జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆ పెదనాన్న కొడుకులు కూడా వచ్చి నిలబడ్డారు. చౌడమ్మ లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. రత్నమ్మక్క తన భారీ కాయాన్ని నేల మీద దించి, ఆమె ఎదురుగా కూర్చుని, సంచిలోంచి ఆ ఇనుప దిమ్మె తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"పేలిన డబ్బాలో ఉత్త బరువుకు పెట్టింది ఇది. ఆ డబ్బాను మంచిదని నీ కొడుక్కి ఇచ్చింది నేను. బరువు చూసి మోసపోయినా." ఆ మాట లోపలివాళ్లకే కాదు, గుమ్మంలో ఉన్నవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా అంది. "తప్పు చేసింది నీ చెయ్యి కాదమ్మా, నా చెయ్యి."

చౌడమ్మ ఆ దిమ్మెను అటూ ఇటూ తిప్పి చూసింది. "అయినా తాళి లేని చెయ్యి కదమ్మా. నేను పెట్టకుండా ఉంటే..." అని సగంలో ఆపేసింది.

రత్నమ్మక్క తన రెండు చేతులూ ఆమె ముందు చాచింది. "నాదేం చెయ్యి మరి? ఈ చెయ్యితోనే కదా దినామూ పొద్దున్నే అంగడి తెరుస్తాండా, ఊరికంతా బోణీ చేస్తాండా. వచ్చినోడు ఎవుడూ చెడిపోలేదు. లెయ్. నువ్వు బొట్టు పెట్టకుంటే ఈ మిషను మళ్లీ బెంగళూరికి తీసుకొని పోతా. నిజంగానే పోతా."

ముసలమ్మ లేచింది. కోడలు తెచ్చిన గుడ్డ తీసుకుని ముందు మెల్లగా, తర్వాత అలవాటుగా కంప్యూటర్ తుడిచింది. బొట్టు పెట్టింది. స్విచ్చి కూడా ఆమె చేతనే వేయించింది రత్నమ్మక్క. నెమలి వచ్చింది. చౌడమ్మ కాసేపు దాన్ని చూసి, నావైపు తిరిగి, "ఆ ఎర్రది యాడుండాదో చూపియ్యి తల్లీ, మళ్లీ తుడిచేస్తానేమో" అంది. అందరం నవ్వాం. నేను అప్పటికే దాని మీద గట్టిగా టేపు వేసి ఉన్నాను. ఆ సాయంత్రం వాళ్లింట్లో తిన్న రాగిసంగటి రుచి వేరే.

ఆ తర్వాత మా దుకాణంలో పద్ధతి మారింది. ఏ సరుకు దిగినా అందులో ఒకటి కొనేవాళ్ల ముందే తెరిచేవాళ్లం. స్టిక్కరు చిరిగిందని టోకు వాళ్లు గోల పెట్టేవారు, కొందరు సరుకు ఇవ్వడం మానేశారు. మానుకున్నవాళ్ల వల్ల మాకు మేలే జరిగింది. రత్నమ్మక్క చేతితూకం మాత్రం మానలేదు. ఎత్తేది, కళ్లు మూసుకునేది, "చెయ్యి బాగుందంటాండాది" అనేది, ఆ వెంటనే నాకు స్క్రూడ్రైవర్ అందించేది. తాను మోసపోయిన కథ వచ్చినవాళ్లందరికీ తానే చెప్పేది, ప్రతిసారీ ఇనుప దిమ్మె సైజు కొంచెం పెంచుతూ. కొన్నేళ్లకు నేను పీణ్యలో సొంతంగా మిషన్లకు పవర్ సప్లైలు తయారుచేసే వర్క్‌షాపు పెట్టుకున్నాను. ఆమె పోయి కూడా చాలా కాలమైంది. ఆ మాట రాయాల్సి రావడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఇంకొంత కాలం ఉండి, ఇంకొందరి మీద కేకలు వేసి ఉండాల్సిన మనిషి.

ఆమె నుంచి నాకు మిగిలింది చేతితూకం కాదు, అది నాకు రాలేదు. మిగిలింది మూత తెరిచే అలవాటు. ఏదైనా కాలిపోయిందని ఫోన్ వస్తే, కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. "మా ఆయా తుడిచింది మేడమ్", "స్వీపర్ నీళ్లు చల్లింది". ఆ గదిలో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి ఎవరో, తప్పు ముందుగా వాళ్ల పేరు మీదికే నడిచి వెళ్తుంది. పోయిన ఏడాది ఒక చిన్న కంపెనీ నుంచి అలాగే ఒక కాలిపోయిన డబ్బా వచ్చింది. వాళ్లు ఎక్కడో చవకగా కొన్నది. గదులు తుడిచే ఆమె తడిగుడ్డ పెట్టిందని, ఆమెను పనిలోంచి తీసేస్తున్నామని కూడా చెప్పారు. తెరిచి చూశాను. ఎక్కడా తడి జాడ లేదు, ఉన్నవన్నీ ఖాళీ సైట్లే. వాళ్లకు ఫోన్ చేశాను. మేనేజరు తీసుకుని, రిపోర్టు ఏమిటి మేడమ్, రిపేరుకు ఎంతవుతుంది అని అడిగాడు.

"అవన్నీ తర్వాత చెబుతాను," అన్నాను. "ముందు ఆ తుడిచే అమ్మను ఫోన్ దగ్గరికి పిలవండి. ఆమెతో నేనే మాట్లాడాలి."